తూము తలుపుకు కట్టిన పోగులు

మా ఓబులేసు పుట్టిన పదకొండో నాడు జాతకం రాసిన అయ్యవారు, కాగితం మడిచి మా ఇంటాయన చేతిలో పెడుతూ, "పిల్లోనికి ముప్పై ఏండ్ల లోపల నీటిగండం ఉండాదప్పా, కనిపెట్టుకోండి" అని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఆ మాటను వీధి మలుపులోనే మరిచిపోయి ఉంటాడు. నేను మాత్రం దాన్ని కడుపులో పెట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళు తిరిగాను.

మాది ప్రొద్దుటూరు. నేత మా కులవృత్తి. ఊరి పక్కన పెన్న ఏడాదిలో పది నెలలు ఉత్త ఇసుకే. ఆ ఇసుకలో కూడా వాణ్ణి నడవనిచ్చేదాన్ని కాదు. వాడు బావి వైపు తల తిప్పితే చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. ఇంత చేసినా వాడు నీళ్ళనే పట్టుకున్నాడు. వాన పడిందంటే వీధి కాలువకు మట్టికట్ట వేసి, దానికి పుల్లతో బెజ్జం పెట్టి, నీళ్ళు ఎట్లా దూకుతున్నాయో గొంతుక్కూర్చుని చూసేవాడు. అనంతపురంలో ఇంజనీరు చదువుకు పోయినప్పుడు, పోనీలే, ఇళ్ళూ రోడ్లూ కడతాడు కదా అని నెమ్మదిగా ఉన్నాను. చదువు ముగించి మద్రాసుకు అవతల నీళ్ళ మీద పరిశోధన చేసే ఒక కార్యాలయంలో చేరాడు.

"అంటే ఏం పని నాయనా?" అని అడిగితే, "నదుల్ని, కాలువల్ని చిన్నవి చేసి షెడ్డులో కడతామమ్మా. వాటిలో నీళ్ళు ఎట్ల పోతాండాయో చూసి, పెద్దవాటి సంగతి చెప్తాము" అన్నాడు.

మా ఇంటాయన బొజ్జన్నకు అది చాలింది. "నీ కొడుకు నదిని తెచ్చి వసారాలో పెట్టుకున్నాడంట. మోకాలెత్తు కూడా లేవు నీళ్ళు. దాంట్లో మునగాలంటే శానా కష్టపడాల" అని వీధిలో అందరి ముందూ నన్ను ఆట పట్టించేవాడు. నేను నవ్వలేదు. మునగడానికి ఎన్ని నీళ్ళు కావాలో ఎవరికి తెలుసు?

యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో వాడు కర్నూలు నుంచి కార్డు రాశాడు. ఒక తూము పని మీద మూడు నెలలు అక్కడే ఉండాలట. రోజంతా తడిలో నిలబడితే జ్వరం వచ్చి తగ్గిందట. ఆ "తగ్గింది" అన్న మాట నేను నమ్మలేదు.

"కార్డు రాసినాడంటే చెయ్యి ఆడతాండాదనే కదా. ఏడుస్తావేందే?" అన్నాడు మా ఇంటాయన మగ్గం గుంటలోంచి లేవకుండానే.

"జ్వరం మళ్ళీ వస్తే?"

"నువ్వు పోతే కండెలు ఎవురు చుడతారు?"

అందుకే రాట్నాన్నీ, నాలుగు చుట్టల అడ్డపోగు పేక నూలునూ మూట కట్టుకుని మరీ బయలుదేరాను. ఎర్రగుంట్లలో రైలెక్కి, రెండు చోట్ల బండి మారి కర్నూలు చేరేసరికి, దారిలో వాడికి వచ్చిన జబ్బులన్నీ నేను లెక్కపెట్టి ఉంచాను. వాడు స్టేషనులో నిలబడి పల్లీలు తింటున్నాడు.

హంద్రీ ఏటి ఒడ్డున రెండు గదుల ఇల్లు. అందులో వాడితో పాటు ఏసేపు కూడా ఉన్నాడు. ఏసేపుది జమ్మలమడుగు. మా ఊరి హైస్కూల్లో వీళ్ళిద్దరిదీ ఒకే బెంచీ. ఆ రోజుల్లో అతడు మా ఇంటికి వచ్చి దాహమడిగితే చెంబు ఇవ్వకుండా పైనుంచి దోసిట్లోకి నీళ్ళు పోశాను. అతడు తాగి, నోరు తుడుచుకుని, "చల్లగుండాయి పెద్దమ్మా" అన్నాడు. ఇప్పుడు ఆ కర్నూలు ఇంట్లో ఇద్దరూ ఒకే కుండలో ముంచుకుంటున్నారు. మొదటి పూట అది చూసి పొయ్యి వైపు తిరిగిపోయాను. రెండో పూట ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డించాను. ఏసేపు ఏమీ ఎరగనట్టు రెండోసారి పప్పు అడిగాడు.

అతడు బెంగుళూరులో లోహాల చదువు చదివాడు. "నీ కొడుకు నీళ్ళకు జోస్యుడు పెద్దమ్మా. నేను ఇనుముకు డాక్టరును" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నవ్వేవాడు కానీ, ఆ నెలలో అతడి నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది. కారణం రెండు రోజుల్లో తెలిసింది.

వేపమానుకుంట దగ్గర కొత్తగా తవ్విన కాలువకు తూము కట్టారు. ఇంటి గోడంత ఇనుప తలుపు. పైకెత్తితే కింద నుంచి నీళ్ళు కాలువలోకి పోతాయి. ఆ తలుపును కొంచెం ఎత్తగానే అది ఆబోతులా రంకె వేసి అదిరేదట. పూర్తిగా ఎత్తితే అదురు ఉండదట. నాలుగు నెలలు అట్లా అదిరి, ఒకరోజు అడుగున పగులు పట్టింది. తలుపు బిగించిన కంట్రాక్టరు, "ఇనుమే చెడ్డది. మంచిదని సంతకం పెట్టింది పరీక్ష చేసినాయన" అన్నాడు. ఆ సంతకం ఏసేపుది. సోమవారం విచారణ. తప్పు తేలితే ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత అతడు మంచిదన్న ఇనుమును ఎవరూ కొనరు. అతడి చదువంతా ఆ ఒక్క కాగితంతో పోతుంది.

ఒక మధ్యాహ్నం నేనే అడిగాను. "ఇనుము నిజంగా మంచిదేనా నాయనా?"

ఏసేపు కోపపడలేదు. లేచి, బక్కెట పిడికి చుట్టిన ఇనుప తీగ ముక్క ఒకటి విప్పి నా చేతిలో పెట్టాడు. "వంచు పెద్దమ్మా."

వంచాను.

"ఇరిగిందా?"

"లేదు."

"తిప్పి వంచు. మళ్ళా తిప్పు. ఆపొద్దు."

పది పన్నెండు సార్లు అటూ ఇటూ వంచేసరికి తీగ వేడెక్కి నా వేళ్ళలో పుటుక్కుమంది.

"తీగ చెడ్డదా?" అన్నాడు. "అది అలిసిపోయింది, అంతే. ఆ తలుపు పగులును నేను భూతద్దం కింద పెట్టి చూసినా. చెడ్డ ఇనుమైతే ఒక్క దెబ్బకు పగులుతాది. ఇది రోజుకింత, రోజుకింత పగిలింది. గీతలు వరసగా కనపడతాండాయి. ఎవురో దాన్ని రాత్రీ పగలూ ఊపినారు. అంతవరకు నేను చెప్పగలను. ఊపిందెవురో ఇదో, వీడు చెప్పాల."

మా వాడు అన్నం కలుపుతూ, "నీళ్ళే" అన్నాడు. "తలుపు అడుగు బల్లపరుపుగా ఉండాది. సందు చిన్నదైనప్పుడు నీళ్ళు ఆ అడుగుకు ఒకసారి అతుక్కుంటాండాయి, ఒకసారి ఊడతాండాయి. నాకు తెలుసు. కానీ చూపించల్యాకుండా ఉండా. ఇక్కడి షెడ్డులో మేము కట్టుకున్న తలుపు చిన్నది, గట్టిది, అది అదరదు. ఎర్ర సిరా వదిలితే క్షణంలో కొట్టుకొని పోతాది. కంటికి కనపడంది పెద్దింజనీరు నమ్మడు."

ఏసేపు చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాక నేను గొంతు తగ్గించి అన్నాను. "నువ్వు ఈ గొడవలో దిగొద్దు నాయనా. కంట్రాక్టరు పెద్దోడంట. రేపు నీ మాటా తప్పయితే ఇద్దరి బతుకులూ పోతాయి. నీ నీళ్ళ పని నువ్వు చూసుకో."

వాడు నా వైపు చూడకుండా అన్నాడు. "ఇది నీళ్ళ పనే కదమ్మా. తప్పు చేసింది నీళ్ళు. ఆ మాట నేను చెప్పకుంటే, ఈ జిల్లాలో ఇంకెవురు చెప్తారు?"

 వాడు చిన్నప్పుడు బావి దగ్గర నా చెయ్యి విడిపించుకున్నప్పుడు కూడా ఇట్లాగే, మెల్లగా, ఒక్కో వేలూ విప్పి విడిపించుకునేవాడు.

మరునాడు శనివారం. అన్నం క్యారియరు తీసుకుని నేనే షెడ్డుకు పోయాను. రేకుల కప్పు కింద, నలుగురు మనుషులు వరసగా పడుకున్నంత పొడవున అద్దాల తొట్టి. దాని మధ్యలో మా రాట్నం అంత చిన్న ఇనుప తలుపు, ఎత్తడానికి ఒక చక్రం. నీళ్ళు తోడే యంత్రాన్నీ ఆ చక్రాన్నీ చూసుకునే పుల్లన్న కమ్మరి పని తెలిసినవాడు. అతడు బీడీ కోసం బయటికి పోతున్నాడు. మా వాడూ ఏసేపూ పెద్దింజనీరు పిలిస్తే ఆఫీసుకు పోయారట. తొట్టిలో నీళ్ళు లేవు. తలుపు సగం ఎత్తి ఉంది.

నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. నీటిగండం అంటే ఇన్నాళ్ళూ బావి అనుకున్నాను, పెన్న వరద అనుకున్నాను. నా బిడ్డను మింగబోయేది ఈ తలుపు సందేనేమో అని అప్పుడు అనిపించింది. మనిషి మునగకపోయినా పేరు మునిగితే అదీ గండమే కదా.

మా ఇళ్ళలో కొత్త మగ్గం గుంటలో దించినప్పుడు ఒక పద్ధతి ఉంది. మా కులదేవత చౌడమ్మకు మొక్కుకుని, పేక నూలు పోగుకు పసుపు పూసి, మగ్గానికి ఎక్కడ దెబ్బ తగులుతుందో అక్కడ కడతాం. ముడి వేశాక మిగిలిన కొసను కత్తిరించకూడదు. బెత్తెడు వదిలేయాలి. కొస కత్తిరిస్తే అమ్మవారి చెయ్యి కత్తిరించినట్టని మా అత్త చెప్పేది. నా కొంగున పేక నూలు చుట్టిన కండె, పసుపు కొమ్ము ఎప్పుడూ ఉంటాయి. పసుపు కొమ్మును తొట్టి గట్టు మీద తడిపి అరగదీశాను. తలుపు అడుగు రెండు వేళ్ళ మందం. దాని అంచున చిన్న చిన్న మరలు పొడుచుకుని ఉన్నాయి. ఒక పోగు చాలు. కానీ నా భయానికి ఒకటి ఎక్కడ సరిపోతుంది? నీళ్ళు వచ్చే ముందు అంచున మూడు, నీళ్ళు పోయే వెనక అంచున నాలుగు కట్టి, కొసలు వదిలి, చెయ్యి తుడుచుకుని, క్యారియరు పక్కన ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

వాళ్ళు ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. సోమవారం నాటికి కంటికి కనబడే రుజువు లేకపోతే ఇనుము మీదే రాస్తానన్నాడట పెద్దింజనీరు.

"ఇంకొకసారి వదులు పుల్లన్నా" అన్నాడు మా వాడు, అన్నం వైపు కూడా చూడకుండా.

నీళ్ళు వచ్చాయి. పుల్లన్న తలుపును ఒక వేలెడు సందుకు దించాడు. మా వాడు అద్దానికి ముక్కు ఆనించి వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"ఎవురు కట్టినారు ఇవి?"

పుల్లన్న వంగి చూసి రెండు చేతులూ ఎత్తేశాడు. "అమ్మతోడు, నేను కాదు సామీ. తాళం గూడా నా దగ్గరే ఉండాది."

 ప్రభుత్వం వస్తువు. ముట్టుకున్నందుకు జైల్లో వేస్తారేమో. "నేనే నాయనా. దిష్టికి. తీసేస్తాలే" అన్నాను.

"తీయొద్దు! ఎవురూ తాకొద్దు! ఏసేపూ, బిన్నా రా. ఇట్ల వంగు."

నేనూ వాళ్ళ వెనక నుంచి వంగాను. పసుపు కొసలు నీళ్ళలో తేటగా కనబడుతున్నాయి. నీళ్ళు పోయే వైపుకే అవన్నీ చాచుకుని ఉండాలి కదా. ముందు అంచున ఉన్న మూడూ అట్లానే ఉన్నాయి. వెనక అంచున ఉన్న నాలుగు మాత్రం ఒకసారి తలుపు అడుగుకు అతుక్కుంటున్నాయి, మరుక్షణం కిందికి ఊడిపడి వెనక్కి తిరిగి కొట్టుకుంటున్నాయి. అతుక్కోవడం, ఊడటం, అతుక్కోవడం. నాలుగూ ఒకే తాళంలో.

"సూసినావా?" అన్నాడు మా వాడు. 

"సూసినా" అన్నాడు ఏసేపు.  తొట్టి గట్టు మీద నుదురు ఆనించాడు.

తర్వాత మా వాడు నా వైపు తిరిగాడు. "పోయిన వారం నేను గూడా దారాలు కట్టి సూసినానమ్మా. దర్జీ దగ్గర తెచ్చి. అవి పుల్లల మాదిరి నిలబడినాయి. నీవి ఎందుకు ఆడతాండాయి?"

ఇది నాకు తెలిసిన ప్రశ్న. నా బిడ్డ నన్ను అడిగిన వాటిలో, భయపడకుండా నేను జవాబు చెప్పిన మొదటి ప్రశ్న కూడా అదేనేమో.

"దర్జీ దారం మూడు పోగులు మెలేసి, మైనం పూసింది. అది గుడ్డను పట్టుకోవాల గాబట్టి బిర్రుగా ఉంటాది. పడుగు నూలుకు గంజి పెడతాము, అదీ వంగదు. ఇది పేక. ఒంటి పోగు, నలభై నెంబరు, గంజి తాకనిది. నువ్వు ఊపిరి వదిలినా కదుల్తాది."

పుల్లన్న, "ఇంజనీర్లిద్దరూ పక్కకు జరగండప్పా, అమ్మకు కుర్చీ వేస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం, ఆదివారం మొత్తం వాళ్ళు షెడ్డు వదల్లేదు. అడుగు బల్లపరుపుగా ఉండటమే తప్పయితే, దాన్ని ఏటవాలుగా కోసి, నీళ్ళు పదునైన ఒకే అంచు దగ్గర విడిపోయేటట్టు చెయ్యాలన్నాడు మా వాడు. అట్లా కోస్తే పెద్ద తలుపు ఇనుము నీళ్ళ బరువు ఆపుతుందా లేదా అని ఏసేపు నాలుగు కాగితాల నిండా లెక్కలు వేసి, "ఆపుతాది. కానీ అంచుకు వేరే ఉక్కు బద్ద అతకాల" అన్నాడు. పుల్లన్న ఆకురాయితో చిన్న తలుపును రాచాడు. నేను కొత్త అంచుకు పోగులు కట్టాను. ఈసారి దొంగతనంగా కాదు. "ఇంకొంచెం ఎడం అమ్మా", "ఇంకొకటి మధ్యలో అమ్మా" అని మా వాడు చెబుతుంటే కట్టాను. నీళ్ళు వదిలితే పోగులన్నీ దువ్విన పడుగులాగా ఒకే వైపు చాచుకుని కదలకుండా నిలిచాయి.

సోమవారం విచారణకు ముగ్గురు పెద్దలు వచ్చారు. నేను షెడ్డు బయట చింత నీడలో కూర్చున్నాను. లోపల మా వాడి గొంతు, మధ్యమధ్య ఏసేపు గొంతు. ఇంగ్లీషు. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, వాడి గొంతు తడబడటం లేదని మాత్రం తెలుస్తోంది. అయినా నేను ఊరుకోలేదు. నూలు తెగిందేమో, పసుపు కరిగిందేమో, ముడి జారిందేమో అని ఒక్కోటీ ఊహించుకుంటూ కూర్చున్నాను. మా ముడి జారదు. అది తెలిసి కూడా.

గంటకు పుల్లన్న వచ్చి లోపలికి పిలిచాడు. తెల్ల మీసాల పెద్దింజనీరు తొట్టి ముందు వంగి ఉన్నాడు. లేచి నా వైపు చూశాడు.

"ఈ నూలు ఎక్కడిదమ్మా?"

నేను నోరు తెరిచేలోపలే మా వాడు చెప్పాడు. "మా ఇంటిదండీ. మాది నేత. కట్టింది మా అమ్మ. పేరు లక్ష్మీదేవమ్మ. రిపోర్టులో రాసినాను."

పేరు రాశాడట. ఇంగ్లీషులో. ఐదో తరగతితో బడి మానేసిన నా పేరు.

ఆ పెద్దాయన తల ఊపి, ఏసేపు వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు, నాకోసమే కాబోలు. "నీ సంతకం సరైనదే. పెద్ద తలుపుకు ఆ ఉక్కు బద్ద నువ్వే దగ్గరుండి అతికించు."

ఆ సాయంత్రం ఏసేపు బనగానపల్లె మామిడిపండ్లు గంపెడు తెచ్చాడు. మొదటి పండు కోసి నా చేతిలో పెట్టి, తను కుండ దగ్గరికి పోయి నీళ్ళు ముంచుకుని తాగి, "చల్లగుండాయి పెద్దమ్మా" అన్నాడు. అతడికి గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు గుర్తుంది.

శ్రావణంలో కాలువకు నీళ్ళు వచ్చాయి. కొత్త అంచు అతికిన తలుపును ఎత్తే రోజున నన్నూ, ఊరి నుంచి వచ్చిన మా ఇంటాయననూ జీపులో తీసుకుపోయారు. వేపమానుకుంట తూము నేను అనుకున్నదానికంటే పెద్దది. తలుపు వెనక నీళ్ళు ఎర్రగా, తాటిచెట్టు లోతున నిలిచి ఉన్నాయి. తలుపు మీదుగా సన్నటి ఇనుప నడవ. దాని మధ్యలో నా కొడుకు, పక్కన ఏసేపు, చక్రం దగ్గర పుల్లన్న.

"కండ్లు మూసుకుంటావా, చెయ్యి పట్టుకుంటావా?" అన్నాడు మా ఇంటాయన.

నేను రెండూ చెయ్యలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఆ నడవ ఎక్కాను. కింద నీళ్ళు. నా జన్మలో నీళ్ళ మీద నిలబడింది అదే మొదలు. మా వాడు చూసి నివ్వెరపోయాడు. "నువ్వెందుకు వచ్చాండావమ్మా?" అన్నాడు.  పుల్లన్న చక్రం తిప్పాడు. కింద ఎక్కడో నీళ్ళు బుస్సుమని కాలువలోకి దూకాయి. నాలుగు నెలలు తలుపు రంకె వేసింది అంత కొంచెం ఎత్తినప్పుడే.

"కడ్డీ మీద చెయ్యి పెట్టి సూడు పెద్దమ్మా" అన్నాడు ఏసేపు. "నా ఇనుము, వీడి నీళ్ళు."

తలుపును ఎత్తే కడ్డీ మీద చెయ్యి పెట్టాను. అది చల్లగా, నిశ్చలంగా ఉంది. అదురుతున్నది నా చెయ్యే. కాసేపటికి అదీ ఆగింది.

గట్టు మీద నుంచి మా ఇంటాయన కొత్తగా చేరిన నలుగురికి చెబుతున్నాడు: "ఆ నడవ మీద నిలబడినాడే, నా కొడుకు. పక్కనుండేది వాని జతగాడు. ఆ తలుపు నిలబడిందంటే మా ఇంటి నూలు." ఇన్నేళ్ళు నన్ను ఆట పట్టించిన మనిషి. గొంతు గట్టు ఆ చివర దాకా వినబడుతోంది.

ముప్పై ఏళ్ళు నిండటానికి వాడికి ఇంకా పద్దెనిమిది నెలలు ఉన్నాయి. కొంగు ముడిలోంచి పసుపు పోగు తీసి నడవ కమ్మీకి, వాడు చెయ్యి ఆనించిన చోట కట్టాను. వాడు చూశాడు. వద్దనలేదు. నా ముడి అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. కొస బెత్తెడు వదిలి, "కిందికి వంగొద్దు నాయనా" అన్నాను.